ఎరువు సొమ్ము

ఒక భాషలోని మాటను మరొక భాషలోకి మోసుకొని పోవటం పనిగా పెట్టుకొన్నవారికి అప్పుడప్పుడు ఒక చిన్న మాట దగ్గర కాళ్లు ఆగిపోతాయి. పొలానికి వేసే సత్తువను హిందీలో ‘ఖాద్’ అంటారు. ఆ మాట చెవిని పడగానే ‘ఖాద్యం’ గుర్తుకు వస్తుంది. నేలకు పెట్టే అన్నం అనే భావం మనసులో మెదలుతుంది. అదే వస్తువును తెలుగులో ‘ఎరువు’ అంటాము. తెలుగు పల్లెలో పెరిగినవారికి ఈ మాటకు మరొక అర్థం కూడా తెలుసు. పెళ్లికి వెళ్లే ఇల్లాలు పొరుగింటినుంచి ఒక పూటకు తెచ్చుకొన్న కాసులపేరు కూడా ఎరువే. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని సామెత. పెట్టుకొన్నంతసేపూ మెడకు బరువు, పోగొట్టుకొంటే ఇంటికి చేటు.

ఈ రెండు అర్థాలకూ మూలం ఒకటేనని వాదించటం నా ఉద్దేశం కాదు. కాని రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. మనం పొలంలో చల్లేది నేలకు పెట్టిన అన్నమా, లేక ఎవరివద్దనో తెచ్చుకొన్న బదులా? అన్నమైతే తిన్నవారితో లెక్క తీరిపోతుంది. బదులైతే అది ఎవరి సొమ్ము, తీర్చవలసినవారెవరు అని అడగవలసి వస్తుంది. అవసరానికి మించి ఎరువు వేస్తే పైరుకూ నీటికీ ఏమవుతుందో శాస్త్రజ్ఞులు చెప్పవలసినంత చెప్పారు. అందులో దాగి ఉన్న ధర్మసందేహాన్ని గురించి మాత్రం మనం తగినంత ఆలోచించలేదని నాకు తోస్తుంది.

మొదట ఆకలిని గురించి చెప్పుకోవాలి. దానిని మరచి ఈ విషయంలో ధర్మాధర్మాలు పలికేవాని మాట రైతు వినడు, వినకూడదు కూడా. 1965లోనూ 1966లోనూ వరుసగా వానలు మొగం చాటువేసినప్పుడు ఈ దేశం అమెరికా ఓడలలో వచ్చిన గోధుమల మీద బ్రతికింది. 1966లో దిగుమతి చేసుకొన్న ధాన్యం సుమారు కోటి టన్నులు. ఆ ఏడే 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనం కూడా మన రేవులకు వచ్చింది. మన పాత గోధుమ పొడవుగా పెరిగేది. నత్రజని ఎక్కువైతే కంకి బరువుకు ఆగలేక నేలకు ఒరిగిపోయేది. కొత్త విత్తనం పొట్టిది, గట్టి కాడ గలది. ఎంత ఎరువు వేసినా నిలబడి, వేసినదానికి తగినట్లు గింజనిచ్చేది. పంజాబులో, హర్యానాలో, పశ్చిమ ఉత్తరప్రదేశంలో కొన్ని సంవత్సరాలలోనే గాదెలు నిండాయి.

ఆ గాదెల వెనుక మరొక పాత కథ ఉన్నది. గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనే అయినా మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హాబర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గాలిలోని నత్రజనిని జలజనితో కలిపి అమోనియాగా మార్చి చూపాడు. కార్ల్ బాష్ దానిని కర్మాగారపు స్థాయికి తెచ్చాడు. 1913లో మొదటి ఫాక్టరీ పని ప్రారంభించింది. స్వతంత్ర భారతదేశంలో సింద్రీ ఎరువుల కర్మాగారం 1951లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నేడు భూమిమీద ఉన్న మనుష్యులలో దాదాపు సగంమంది ఈ ప్రక్రియ వల్ల పండిన తిండితోనే జీవిస్తున్నారని లెక్కవేసినవారున్నారు. ఈ వ్యాసం రాసేవాడూ చదివేవారూ ఆ సగంలో లేరని ఎవరూ ప్రమాణం చేయలేరు.

ఆ హాబరే మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఈప్ర్ రణరంగంలో క్లోరిన్ విషవాయువును శత్రుసైన్యం మీదికి వదలే పని స్వయంగా నడిపించాడు. ఒకే మనిషి, ఒకే విద్య. విషవాయువును గురించి తీర్పు చెప్పటానికి మనకు క్షణం పట్టదు. చంపటానికే చేసినదానిని చెడ్డదనటానికి తర్కం అక్కరలేదు. కాని అమోనియా అట్లాంటిది కాదు. అది అన్నం పెట్టటానికి పుట్టినది, అన్నం పెట్టినది. విషం విషయంలో ధర్మం తేలిక. మేలు చేసే వస్తువు మితిమీరినప్పుడే ధర్మం కష్టమవుతుంది. ఎంతవరకు మేలు, ఎక్కడినుంచి కీడు అన్న గీత ఆ వస్తువు మీద రాసి ఉండదు గదా!

ముందుగా పైరు మాట. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. తగినంత వేస్తే ఆకు పచ్చబడుతుంది, పిలకలు వస్తాయి, గింజ నిండుతుంది. మించి వేసినప్పుడు మొదట కనిపించేది కూడా ఆ పచ్చదనమే. మోసమంతా అక్కడే ఉన్నది. ఆకు నల్లని పచ్చగా, మెత్తగా, వెడల్పుగా పెరుగుతుంది. కాడ లోపల మాత్రం గట్టిపడదు. వేరు లోతుకు పోదు. పైనే తిండి దొరుకుతుంటే లోతుకు పోవలసిన పని దానికేమున్నది? పూత ఆలస్యమవుతుంది, కోత వెనుకబడుతుంది, ఒక గాలివాన చాలు, చేనంతా చాపచుట్టినట్లు ఒరిగిపోతుంది. ఎరువు ఉప్పు గుణం గలది కాబట్టి మరీ ఎక్కువైతే, ఊరగాయలో ఉప్పు ముక్కలోని నీటిని లాగినట్లు, వేరు తాగవలసిన నీటిని అది తనవైపు లాగుకొంటుంది. చుట్టూ తడి ఉండగానే మొక్క దాహంతో వాడుతుంది. ఆకుల అంచులు మాడుతాయి.

వరి పండించే రైతులకు మరొక సంగతి తెలుసు. నత్రజని మించిన చేనునే సుడిదోమ వెతుక్కొంటూ వస్తుంది. ఆకుముడత, అగ్గితెగులు కూడా అట్లాంటి మెత్తని పైరునే ఇష్టపడతాయి. అప్పుడు పురుగుమందు కొనాలి. ఒక అతి మరొక అతిని పిలుచుకొని వస్తుంది. మొక్కకు కావలసిన పోషకాలలో ఏది అన్నిటికంటే తక్కువగా ఉన్నదో దానినిబట్టే పంట నిర్ణయమవుతుందని 19వ శతాబ్దంలోనే జర్మనీలో లీబిగ్ ప్రచారం చేశాడు. జింకు లేని నేలకు యూరియా ఎంత పోసినా జింకు లోటు తీరదు. పప్పు లేని ఇంట్లో ఉప్పు రెండింతలు వేసి వండినట్లు అవుతుంది.

ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్ అనేచోట ఒక పచ్చికబయలు ఉన్నది. 1856లో దానిని మళ్లుగా విభజించి, కొన్నిటికి ఏ ఎరువూ వేయకుండా, కొన్నిటికి రకరకాల ఎరువులు వేస్తూ ప్రయోగం మొదలుపెట్టారు. తరాలు మారినా అది నేటికీ సాగుతున్నది. ఏమీ వేయని మళ్లలో 40 వరకు జాతుల గడ్డి, పూలమొక్కలు కలసి బ్రతుకుతున్నాయి. నత్రజని అమోనియా రూపంలో దండిగా పడి, నేల పులిసిన కొన్ని మళ్లలో రెండు మూడు జాతులు మాత్రమే మిగిలాయి. గడ్డి మాత్రం ఏపుగా ఉన్నది! వేగంగా తినగలిగినవాడే బ్రతుకుతాడు, మెల్లగా తినేవాళ్లందరూ వాని నీడలో చచ్చిపోతారు. ఎక్కువ అన్నం పెట్టినందువల్ల పంక్తి చిన్నదైపోయిన కథ అది.

ఇక నీటి మాట. వరిమడిలో వేసిన నత్రజనిలో పైరు తీసుకొనేది సాధారణంగా నూటికి 30, 40 పాళ్లు. తక్కినది ఏమైనట్లు? మనం బస్తా ఖాళీ అయినదని మడిచి అటక మీద పెడతాము. బస్తాలో ఉన్నది మాత్రం ప్రయాణం మానదు. కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది. కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి పైకి పోతుంది. భూమిని వేడెక్కించటంలో అది బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 270 రెట్లు బలమైనది. మిగిలినది నైట్రేటుగా మారి నీటితో నడుస్తుంది. నైట్రేటు మట్టికి అంటుకోదు. తడి ఎటు పోతే తానూ అటే పోతుంది. కాలువ దొరికితే కాలువకు, లేకపోతే కిందికి, భూగర్భజలానికి.

చెరువుకు చేరిన ఎరువు తన పని మరచిపోదు. పెంచటమే దాని స్వభావం. పైరు దొరకకపోతే నాచును పెంచుతుంది. 1973లో కెనడా దేశపు శాస్త్రజ్ఞులు డేవిడ్ షిండ్లర్ నాయకత్వంలో ఒక చిన్న సరస్సుకు నడుమ తెర కట్టారు. రెండు భాగాలలోనూ కర్బనం, నత్రజని కలిపారు. ఒక భాగంలో మాత్రం భాస్వరం కూడా చేర్చారు. కొద్ది వారాలలో ఆ భాగం పచ్చని సున్నం కలిపినట్లు మారిపోయింది, తెరకు అవతలి నీరు తేటగానే ఉండిపోయింది. విమానంనుంచి తీసిన ఆ ఛాయాచిత్రాన్ని చూసినవారు ఇక వాదించలేకపోయారు. నాచు పెరిగినంత వేగంగా చస్తుంది. చచ్చిన నాచు అడుగుకు దిగి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తాగేస్తుంది. చేపలు నీటిలో ఉండగానే ఊపిరాడక తేలుతాయి. విషమేమీ కలపకుండానే చెరువు చచ్చిపోతుంది.

మన దేశంలో ఈ దృశ్యానికి తోడుగా గుర్రపుడెక్క ఉన్నది. ఉత్తరాదిలో దానిని జలకుంభి అంటారు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరును చూసినవారికి ఆ ఊదాపూల కింద నీరు ఎంత నల్లగా ఉంటుందో చెప్పనక్కరలేదు. పొలాల మురుగుకాలువలు, పట్నాల మురుగు, చేపలచెరువుల నీరు అన్నీ ఆ పళ్లెంలోకే వచ్చి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. ఆ మురికిలో ఎరువు పాలు ఎంత, ఊళ్ల పాలు ఎంత అని విడదీయటం కష్టం. గుర్రపుడెక్క కూడా ఆ విచారణ చేయదు. దొరికినదంతా తిని పెరుగుతుంది.

పైన చెప్పిన పొట్టి గోధుమకు, ఈ నీటికి ఒక చుట్టరికం ఉన్నది. ఆ విత్తనాన్ని నార్మన్ బోర్లాగ్ బృందం పెంచినది మెక్సికోలో సొనోరా రాష్ట్రంలోని యాకీ లోయలో. మన దేశానికి వచ్చిన ఒక రకానికి సొనోరా 64 అనే పేరు అందువల్లనే వచ్చింది. ఆ లోయ నీరు పోయి కలిసేది కాలిఫోర్నియా సింధుశాఖలో. 2005లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి శాస్త్రజ్ఞులు ఒక సంగతి చూపారు. ఆ లోయలో ఎరువు వేసి గోధుమకు తడి పెట్టిన కొద్ది రోజులకే సముద్రం మీద నాచు విరగబూసినట్లు పెరుగుతున్నది. రైతు చేతి కదలిక ఆకాశంనుంచి సముద్రం మీద కనిపించినది! మన ఆకలిని తీర్చిన విత్తనం ఏ లోయనుంచి వచ్చిందో, దాని అప్పు లెక్క కూడా ఆ లోయ నీటిలోనే రాసి ఉన్నది.

కిందికి దిగిన నైట్రేటు కంటికి కనిపించదు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. తాగేనీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించకూడదని మన దేశపు ప్రమాణం. కేంద్ర భూగర్భజల సంస్థ 2024లో వెలువరించిన నివేదికలో, పరీక్షించిన నమూనాలలో దాదాపు అయిదింట ఒకటి ఈ హద్దు దాటినట్లు ఉన్నది. ఇందులో మరుగుగుంటల పాలు, పశువులకొట్టాల పాలు కూడా ఉన్నాయి. నేరమంతా ఎరువు మీద మోపటం న్యాయం కాదు. కాని ఎరువు పాలు చిన్నది కాదు. ఈ నీటితో పాలు కలిపి పట్టిన పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేక, ఒళ్లు నీలిరంగుకు తిరుగుతుందని 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక వైద్యుడు మొదటిసారి గుర్తించాడు. తల్లి జాగ్రత్త పడి నీళ్లు కాచి పోసినా లాభం లేదు. కాచినకొద్దీ నీరు ఇగిరి నైట్రేటు మరింత చిక్కనవుతుంది. ప్రేమతో చేసిన జాగ్రత్తను కూడా ఇది ఓడిస్తుంది.

ఇంతవరకు చెప్పినది ప్రకృతి నియమం. ఇక పాపం ఎవరిది?

కొన్నేళ్ల కిందట కర్నాలు ప్రాంతపు గ్రామంలో ఒక పెద్దమనిషి ఇంట రెండు రోజులు అతిథిగా ఉన్నాను. మార్గశిర మాసం. గోధుమకు మొదటి తడి పెట్టే రోజులు. ఆయన గుడ్డజోలె భుజాన వేసుకొని యూరియా చల్లుతున్నాడు. గట్టున నిలబడి, ప్రభుత్వం ఇచ్చిన మట్టిపరీక్ష కార్డు సంగతి అడిగాను. ఉన్నదన్నాడు. అందులో రాసినదానికంటే ఎకరానికి ఒక బస్తా ఎక్కువే వేస్తున్నానని కూడా తానే చెప్పాడు.

“కార్డు అబద్ధమని కాదు మాస్టర్‌జీ,” అన్నాడు. “దాని మాట విని పంట తగ్గితే, కార్డు వచ్చి నా బాకీ తీరుస్తుందా? పక్క చేను నల్లగా నిగనిగలాడుతూ, నా చేను లేతగా కనిపిస్తే రాత్రి నిద్ర రాదు. ఒక బస్తా ఖరీదు ఎంతని! నా నిద్ర ఖరీదు అంతకంటే ఎక్కువ.”

ఇంటికి వచ్చాక కాళ్లు కడుగుకోవటానికి ముంగిట్లోని చేతిపంపు చూపించారు. తాగేనీళ్లు మాత్రం కోడలు దూరాన ఉన్న లోతుబోరు కొళాయినుంచి బిందెతో తెచ్చింది. ఆమెకు నెలల బిడ్డ. చేతిపంపు నీళ్లు బిడ్డకు పట్టవద్దని ఆరోగ్యకార్యకర్త చెప్పిందట. నేను ఏమీ అడగలేదు. ఆయనే కొంతసేపటికి, పంపువైపు చూస్తూ, “తెలియదనుకోకండి,” అన్నాడు. “మా బస్తా అందులోకి దిగుతున్నదని తెలుసు. కాని మా ఒక్కరి బస్తానా?”

ఆ మాటకు జవాబు నాకు ఆనాడు తోచలేదు. తరువాత చాలా రోజులు అదే వెంటాడింది. మన పెద్దలు చెప్పిన పాపపుణ్యాల లెక్కలో కర్త ఒకడు ఉంటాడు. నూతిలో విషం కలిపినవాడు పాపి. అతడిని చూపవచ్చు, శిక్షించవచ్చు. ఇక్కడ నూతిలో ఎవడూ ఏమీ కలపలేదు. వేయి చేలలో వేయిమంది ఒక్కొక్క దోసెడు ఎక్కువ చల్లారు. ఏ ఒక్కని దోసెడూ నీటిని చెరచలేదు, ఏ ఒక్కడు మానినా నీరు బాగుపడదు. ‘తిలా పాపం తలా పిడికెడు’ అన్నారు మనవాళ్లు. పంచుకొన్నకొద్దీ పాపం తేలికవుతుందని ఆ సామెతలో ఒక ఊరట ఉన్నది. కాని అది పంచుకొన్నవాళ్లకు కలిగే ఊరట. నీటికి భాగహారం తెలియదు. పిడికెళ్లన్నీ దానిలో మళ్లీ ఒకటవుతాయి. బిడ్డ నోటికి అందేది ఆ మొత్తమే.

కాబట్టి ‘మా ఒక్కరి బస్తానా’ అన్నది కారణమే కాని విముక్తి కాదు. నా పాలు చిన్నదనటం నిజమే. నా పాలు లేదనటం నిజం కాదు. అయితే పిడికెళ్లన్నీ సమానమని కూడా అనరాదు. బాధ్యతను తూచవలసినది వేసిన ఎరువును బట్టి కాదు, మార్చగల శక్తిని బట్టి.

ఆ తూకంలో మొదటి పిడికెడు ధర నిర్ణయించినవారిది. 1992లో భాస్వరపు, పొటాషు ఎరువుల ధరలమీద ప్రభుత్వం అదుపు తీసివేసింది, యూరియా మీద ఉంచింది. 2010లో వచ్చిన కొత్త సబ్సిడీ పద్ధతి కూడా యూరియాను ముట్టుకోలేదు. 2018లో బస్తా 50 కిలోలనుంచి 45 కిలోలకు తగ్గినప్పుడు దాని ధర, పన్నులూ వేపపూత ఖర్చూ కాక, 242 రూపాయలు. తక్కిన ఎరువుల ధర దానికి ఎన్నో రెట్లు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న రైతు ఏది కొంటాడో చెప్పటానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు. రైతుకు మేలు చేయాలన్న తలంపుతోనే ఈ పని జరిగింది. ఇక్కడ కూడా మంచితనమే మితి తప్పింది.

రెండవ పిడికెడు తెలిసినవారిది. 1968 జనవరిలో, హరితవిప్లవపు తొలి దిగుబడులు చూసి దేశం పొంగిపోతున్న రోజులలోనే, కాశీలో జరిగిన సైన్సు కాంగ్రెసులో ఎం. ఎస్. స్వామినాథన్ హెచ్చరించాడు. నేలసారాన్ని కాపాడుకోకుండా తీవ్రంగా సాగుచేస్తే చివరకు ఎడారులు పుడతాయని ఆయన మాటల సారాంశం. విత్తనం తెచ్చినవారిలో ముఖ్యుడే ఆ హెచ్చరిక చేశాడు. ఆయన విత్తనాన్ని ఊరూరికీ చేర్చాము. ఆయన హెచ్చరికను సభాభవనంలోనే వదిలి వచ్చాము.

మూడవ పిడికెడు మనది, పట్నాలలో కూర్చొని బియ్యమూ గోధుమపిండీ చవకగా దొరకాలని కోరుకొనేవాళ్లది. మనం తిన్న ప్రతి ముద్ద వెనుక తినకుండా మిగిలి నీటిలోకి పోయిన మరొక ముద్ద ఉన్నది. దాని ఖరీదు మనం దుకాణంలో ఇవ్వలేదు. ఎవరో ఇచ్చారు. కర్నాలు కోడలు బిందె మోసి ఇచ్చింది. కొల్లేటి జాలరి ఖాళీ వలతో ఇచ్చాడు. తెచ్చుకొన్నవారొకరు, తీర్చేవారొకరు. ఎరువుసొమ్ములోని అధర్మమంతా ఇక్కడనే ఉన్నదని నాకు అనిపిస్తుంది. తీర్చేవారిని అడిగి మనం ఈ బదులు తేలేదు. వారిలో కొందరు ఇంకా పుట్టనైనా లేదు.

అవసరం లేనిదానిని తీసుకోవటం కూడా దొంగతనమేనని గాంధీజీ అస్తేయవ్రతాన్ని వివరిస్తూ చెప్పాడు. దానిని పొలానికి అన్వయిస్తే, పైరుకు అక్కరలేని దోసెడు ఎవరి సొత్తు? డబ్బిచ్చి కొన్నాను కాబట్టి నాదే అనవచ్చు. కాని పైరు తీసుకొన్నంతవరకే అది నాది. మిగిలినది గట్టు దాటిన క్షణంలో దాని మీద నా అధికారం పోతుంది, నా బాధ్యత మాత్రం పోదు. అధికారం పోయినచోట బాధ్యతను కూడా వదిలించుకోవటమే నేటి నాగరికతకు అలవాటైన విద్య.

అయితే ఎరువులను ఒక్క కలంపోటుతో నిషేధించటమే ధర్మమా? ఈ ప్రశ్నకు మన పొరుగుదేశం తన ఒంటిమీద జవాబు రాసుకొన్నది. 2021 వేసవిలో శ్రీలంక ప్రభుత్వం రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపివేసింది. బదులుగా వేయటానికి అంత సేంద్రియపు ఎరువు సిద్ధంగా లేదు, రైతుకు నేర్చుకొనే వ్యవధి లేదు. వరి దిగుబడి దారుణంగా పడిపోయింది, తేయాకు దెబ్బతిన్నది, బియ్యం బయటినుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ నవంబరులోనే నిషేధం సడలించారు. 2022లో ఆ దేశాన్ని కుదిపిన సంక్షోభానికి ఇతర కారణాలు ఎన్నో ఉన్నాయి గాని, ఆకలి భయానికి ఇది తోడయినది. ఒక అతిని మరొక అతితో కడుగుకోలేము. శుద్ధి కోసం తపించే మనసు కూడా పేదవాని కంచం ముందు మితం పాటించవలసినదే.

మితం అనగానే మనవారికి ఉపవాసం గుర్తుకు వస్తుంది, తక్కువ తినటం గుర్తుకు వస్తుంది. మితం అంటే తక్కువ కాదు, కొలత. ఏ మడికి ఏది, ఎప్పుడు, ఎంత అని తెలుసుకొని ఇవ్వటం. ఒకేసారి కుమ్మరించక, పైరు ఆకలిగొన్న వేళలు చూసి విడతలుగా వేయటం. ఆకు పచ్చదనాన్ని రంగుల పట్టికతో పోల్చి చూసి, అక్కర లేదనిపిస్తే చేయి వెనుకకు తీసుకోవటం. వరికి ముందు జీలుగనో జనుమునో పిల్లిపెసరనో చల్లి కలియదున్నటం. ఇందులో కొంత కొత్త విద్య, కొంత మన తాతల విద్య. ఇంగ్లండునుంచి మనకు వ్యవసాయం నేర్పటానికి వచ్చిన ఆల్బర్ట్ హోవర్డ్ 1924 తరువాత ఇందూరులో కూర్చొని, చెత్తనూ పెంటనూ ఎరువుగా మార్చే పద్ధతిని ఈ దేశపు రైతులను గమనిస్తూనే తీర్చిదిద్దాడు. నేలనుంచి తెచ్చుకొన్నదానిని నేలకు తిరిగి ఇవ్వటమే ఆ పద్ధతి ప్రాణం.

కొలిచి వేస్తే పంట తగ్గుతుందన్న భయానికి కూడా నేడు జవాబున్నది. చైనాలో 2005నుంచి 2015వరకు, రెండు కోట్లకు పైబడిన చిన్నరైతులతో ఒక ప్రయత్నం సాగింది. వరి, గోధుమ, మొక్కజొన్నలలో నత్రజని వాడకం నూటికి 15నుంచి 18 వరకు తగ్గింది. దిగుబడి మాత్రం సుమారు 11 శాతం పెరిగింది. ఆ ప్రయత్నంలో కార్డులు పంచి ఊరుకోలేదు. వేలమంది విస్తరణోద్యోగులు, పరిశోధకులు పొలాలలోకి దిగారు. కొందరు పల్లెలలోనే కాపురముండి, రైతు చేను పక్కనే పైరు పెంచి చూపారు. చేను లేతగా కనిపించిన రాత్రి రైతు భయాన్ని పంచుకోవటానికి పక్కన ఒక మనిషి ఉన్నాడు.

కర్నాలు పెద్దమనిషి మాటకు జవాబు ఇక్కడ దొరికినదనుకొంటాను. కార్డు వచ్చి బాకీ తీరుస్తుందా అని ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆయన ఒక్కడినీ నిలబెట్టి, మితంగా ఉండు, పొరుగువాని బిడ్డను తలచుకో అని చెప్పటం తేలిక. కాని ఆ మితానికి కలిగే నష్టభయం అంతా ఆయన నెత్తిన వేసి, దానివల్ల కలిగే మంచినీటిని మాత్రం మనమందరం పంచుకొంటే అది కూడా ఎరువుసొమ్మే అవుతుంది. తలా పిడికెడు పాపం పంచుకొన్నవాళ్లు ప్రాయశ్చిత్తాన్ని కూడా పంచుకోవాలి. ధరలో కొంత, భీమాలో కొంత, రైతు పక్కన నిలబడే మనిషి రూపంలో కొంత. అప్పుడు గాని ‘నీ బస్తా తగ్గించు’ అని చెప్పే హక్కు మనకు రాదు.

వచ్చేటప్పుడు ఆయన నన్ను బస్సు దాకా సాగనంపాడు. దారిలో ఒకచోట కాలువ మీద పాత ఇటుకల వంతెన ఉన్నది. తన చిన్నతనంలో ఆ కాలువలో అడుగున పడిన రాగిపైసా కనిపించేదని చెప్పి, వంగి చూశాడు. నేనూ చూశాను. నీటిమీద పచ్చని తెట్టు. ఆయన కర్రతో దానిని కొంచెం పక్కకు తొలగించాడు. కర్ర తీయగానే అది మళ్లీ వచ్చి కలుసుకొన్నది. బస్సు కనిపించగానే ఆయన కర్రను గడ్డికి తుడుచుకొని, “మళ్లీ వచ్చినప్పుడు చెప్పండి, ఒక ఎకరం మీ కార్డు ప్రకారం వేసి చూస్తాను,” అన్నాడు. ఆ ఒక ఎకరం మీద మనందరికీ బాకీ ఉన్నది.